సొంత పడవకు పరీక్ష

పాత పడవ కొనాలనుకునే ప్రతివాడూ ముందు పడవల మేస్త్రీని వెంటబెట్టుకెళ్తాడు. కొత్త రంగు కనిపిస్తే చాలు, ఆయనకు అనుమానం. వేలి కణుపులతో చెక్కంతా కొట్టి, చెవి ఆనించి, కుళ్లు ఎక్కడుందో చెప్పేస్తాడు. ఇవాళ అమ్మకానికి పెట్టింది ఆయన పడవే. వంటింటి తలుపుకు అడ్డంగా బోర్లించిన ఆ పీడ ఇవాళైనా వదులుతుందని భార్య ఆశగా నిలబడింది. చూడవచ్చినాయన మురిసిపోయి, "బాగుందండీ, తీసుకుంటా" అన్నాడు. మేస్త్రీ వేళ్లు ఊరుకుంటేగా. టక్, టక్, టక్, బద్. ఆయన మొహం చిట్లించాడు.

"తొందరపడకండి. అడుగు చెక్క పుచ్చింది. పైన రంగేసి కప్పెట్టారు."

"నిన్న ఆ రంగేసింది మీరేనండీ," అంది భార్య పళ్లు నూరుతూ.

"అందుకేగా చెబుతున్నా," అన్నాడు మేస్త్రీ, వచ్చినాయన భుజం తట్టి. "అమ్మేవాణ్ణి అస్సలు నమ్మకండి."