క్యూషూ చూపించిన ఆంటీ

కార్క్ నగరంలో మా పై ఫ్లాట్లో ఒక ఆంటీ ఉండేవారు. జపాన్‌లోని క్యూషూ దీవిలో పదేళ్లు కాపురం చేసి వచ్చారు. అక్కడికి వెళ్లేవాళ్లు చూడాల్సిన చోట్ల జాబితా ఏది చూపించినా, ముందు పెన్సిల్ తీసి కొట్టేయడం మొదలుపెట్టేవారు.

డాక్టరైన మా ఆవిడ ఆసుపత్రి డ్యూటీలతో అలిసిపోయి ఇంట్లో మాట్లాడటమే మానేసింది. ఊళ్లు తిప్పితే మళ్లీ మాట్లాడుతుందని నా ఆశ. ఆరు రోజుల సెలవులో క్యూషూ వెళ్దామని పద్నాలుగు చోట్లు ఇరికించాను. చీరల కొట్లో పెరిగినవాణ్ణి, టికెట్టు గిట్టుబాటు కావద్దూ!

ఆంటీ నా జాబితా పక్కనపెట్టి మా ఆవిడ వైపు తిరిగారు.

"నీకేం కావాలమ్మా?"

"నిద్ర, ఆంటీ."

మళ్లీ జాబితా అందుకుని ఆసో అగ్నిపర్వతం, నాగసాకి రేవు, కుమమోతో కోట, అన్నీ వరసగా కొట్టేశారు. వేడినీటి ఊటల ఊరు బెప్పు ఒక్కటే మిగిలింది.

"కొసరుగా ఆ కోట ఒక్కటి వెయ్యండి ఆంటీ!"

"ఇదేమైనా మీ కొట్టా నాయనా? పిల్లని పడుకోనీ."

బెప్పులో మా ఆవిడ మూడు రోజులు మధ్యాహ్నం దాకా పడుకుంది. నాలుగోనాడు వేడినీళ్లలో కాళ్లు పెట్టుకుని, ఆవిరిలో ఉడికిన గుడ్డు ఒలుస్తూ, తన వార్డులో చనిపోయిన ఒక ముసలాయన గురించి చెప్పడం మొదలుపెట్టింది. చీకటిపడేదాకా చెబుతూనే ఉంది. నా జాబితా ప్రకారమైతే ఆ పూట మేం రైల్లో ఉండాలి. వింటూనే, ఆంటీకి మనసులో దణ్ణం పెట్టుకున్నాను.