మా సర్కారును పడగొట్టిన సోషల్ సార్

సోషల్ సార్ పోయారు. పోయిన మంగళవారం పొద్దున వర్క్‌షాపులో ఒక పంపు మోటారు విప్పి బల్ల మీద పరుచుకున్నాను. చేతులనిండా గ్రీజు. అప్పుడే నస్రీన్ ఫోన్ చేసింది. తొమ్మిదో తరగతి నుంచి నాతో కొట్లాడుతూనే ఉన్న స్నేహితురాలు, ఇప్పుడు పెద్దపల్లిలో వకీలు. ఫోన్ ఎత్తగానే నన్ను తిట్టడం ఆమెకు అలవాటు. ఆ రోజు తిట్టలేదు. "సార్ పోయిండే. నిద్రలనే పోయిండట" అంది. పక్కన గ్రైండర్ ఆపించి, మళ్ళీ చెప్పమన్నాను.

గోదావరిఖనిలో మా బడిలో చదివినవాళ్ళకు ఆయనెవరో నేను చెప్పనక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం రాస్తున్నాను. సార్ బొగ్గుబాయిలో, అంటే గనిలో, పనిచేసే కార్మికుడి కొడుకు. తండ్రి ఉద్యోగం తనకు వచ్చే వీలున్నా దాన్ని తమ్ముడికి ఇప్పించి, తాను పంతులయ్యారు. వడ్రంగి పెన్సిల్ పెట్టుకున్నట్టు చెవి మీద సుద్దముక్క పెట్టుకునేవారు. సాయంత్రానికి చెవి, ఆ పక్క జుట్టు తెల్లబడేవి. ఆడపిల్లలమంతా ఆయనకు 'బిడ్డ', మగపిల్లలంతా 'కొడుకు'. కోపం వస్తే మాత్రం అందరం 'గౌరవ సభ్యులం'. "గౌరవ సభ్యులు హోంవర్కు చెయ్యలేదా?" అన్నారంటే ఆ పూట మా పని అయిపోయినట్టే.

కొందరికి క్రికెట్ పిచ్చి, కొందరికి సినిమా పిచ్చి. సార్‌కు బడ్జెట్ పిచ్చి. ఢిల్లీలో ఆర్థిక మంత్రి ప్రసంగం చదివే రోజున అరచేయంత రేడియో తెచ్చి టేబుల్ మీద పెట్టేవారు. ప్రసంగం అయ్యేదాకా టిఫిన్ డబ్బా మూత తీసేవారు కాదు. మాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. ఒకసారి ఏదో కొత్త రైలు మార్గం సంగతి వినిపించగానే మా తరగతంతా చప్పట్లు కొట్టింది. సార్ టక్కున రేడియో ఆపేశారు.

"చప్పట్లు ఎందుకు కొట్టిండ్రు?"

"మంజూరైంది గదా సార్!"

"చదివిండ్రు. చదివిందంతా మంజూరు గాదు బిడ్డా. మీ నాయిన బాయిల దిగాలంటె ముందుగాల ఏం జెయ్యాలె?"

ఇది మాకు తెలిసిన ప్రశ్న. అందరం ఒకేసారి అరిచాం. హాజరు వేయించుకోవాలి, దీపాల గదిలో తన నంబరు బిళ్ళ ఇచ్చి తలదీపం తీసుకోవాలి. బిళ్ళ ఇవ్వకపోతే దీపం ఇవ్వరు. దీపం లేకపోతే దిగనివ్వరు.

"మేనేజర్‌కు దోస్తయితెనో?"

"అయినా దిగనియ్యరు సార్!"

"సర్కారు గూడ గంతే. ఖజానాను ఒక బాయి అనుకోండ్రి. సభ ఏసే ఓటే బిళ్ళ. అది చేతిల లేకుంటె ప్రధానమంత్రి గూడ అండ్లకెళ్ళి ఒక్క రూపాయి తియ్యరాదు."

మర్నాడు బడినే పార్లమెంటు చేసేశారు. మా తొమ్మిదో తరగతి లోక్‌సభ. ఎనిమిదో తరగతి రాజ్యసభ. హెడ్మాస్టరమ్మ గది రాష్ట్రపతి భవనం. నన్ను ఆర్థిక మంత్రిని చేశారు. నా గొంతు పెద్దది, అంతకుమించి కారణమేమీ లేదు. నా జడ రిబ్బనుతో కట్టిన ఫైలు ఒకటి నా చేతిలో పెట్టి, "నడువు బిడ్డా, ఇది ఏడికేడికి పోతదో కాళ్ళతోని నేర్చుకో" అన్నారు.

నడిచాను. ముందు సభలో చదివాను. దాని మీద అందరూ మాట్లాడారు కానీ ఓటు వేయలేదు. తర్వాత సభకు సెలవిచ్చి, ఫైలు పట్టుకుని స్టాఫ్ రూంకు పోయాను. అక్కడ టీచర్లే స్థాయీ సంఘాలు. లెక్కల మేడం ఒక్కో శాఖ పద్దు విప్పి, "ఇది ఎందుకమ్మా? పోయినేడు ఇచ్చింది ఏం జేసినవ్?" అని నిజం మంత్రిని అడిగినట్టే అడిగి నాకు చెమటలు పట్టించింది. మళ్ళీ సభకు వచ్చాక ఒక్కో శాఖ పద్దుకు విడివిడిగా ఓటు. అక్కడే ప్రతిపక్షం కోత తీర్మానం పెట్టవచ్చు. కోట్ల పద్దులోంచి నూరంటే నూరు రూపాయలు తగ్గించాలని అడగవచ్చు. మేం పడీ పడీ నవ్వాం.

"నూరు రూపాయలతోని ఏమైతది సార్?"

"ఏం గాదు. గని ఒక తప్పును తెచ్చి సభ నడుమ నిలబెడ్తది. అది నెగ్గిందనుకో, సర్కారు మీద సభకు నమ్మకం లేనట్టు. ఇగ దిగిపోవాలె."

మూడో రోజు మేం వ్యవసాయ పద్దు మీద మాంచి ఊపులో వాదించుకుంటుండగా, సార్ వరండాలోకి పోయి ఇంటి గంట కొట్టారు. "ఆరోగ్యం గురించి మాట్లాడనే లేదు సార్! రోడ్లు గూడ ఉన్నయి!" అని అందరం మొత్తుకున్నాం. "గదే గిలటిన్" అన్నారు సార్. గడువు ముగిస్తే మిగిలిన పద్దులన్నీ చర్చ లేకుండానే ఒక్క దెబ్బకు ఓటుకు పెడతారట. మా మొహాలు చూసి, "గంట కొట్టకముందే అడగాలె బిడ్డా. కొట్టినంక ఎంత ఒర్రినా దండుగ" అన్నారు. ఈ మాట నాకు జీవితంలో పనికొచ్చినన్నిసార్లు ఇంకే పాఠమూ పనికి రాలేదు.

ఓటైన పద్దులన్నీ కట్టగట్టి, ఖజానాలోంచి ఆ డబ్బు తియ్యనిచ్చే ద్రవ్య వినిమయ బిల్లు పెట్టాను. లోక్‌సభ దాటించి రాజ్యసభకు తీసుకుపోయాను. తమకు పద్నాలుగు రోజుల గడువే ఉందని, సలహా చెప్పడమే తప్ప బిల్లును ఆపలేమని తెలిసి ఎనిమిదో తరగతివాళ్ళు అలిగారు. చివరికి రాష్ట్రపతి పెరుగన్నం తినడం ముగించి, చెయ్యి కడుక్కుని వచ్చి సంతకం పెట్టారు. ఆ సంతకం తర్వాత గానీ సార్ మమ్మల్ని చప్పట్లు కొట్టనివ్వలేదు.

ఆ ఏడాదే కరెంటు కేంద్రం టౌన్‌షిప్ జ్యోతినగర్‌లో చుట్టుపక్కల బడులన్నిటికీ నమూనా పార్లమెంటు పోటీ పెట్టారు. మేమూ పేరిచ్చాం. తయారీలో ఒక చిక్కు వచ్చింది. మేమంతా షిఫ్టు మొదలయ్యే ముందు బాయి గేటు దగ్గర యూనియన్ నాయకులు మాట్లాడే గేటు మీటింగులు విని పెరిగిన పిల్లలం. ప్రసంగమంటే మాకు తెలిసింది అదే. ఎవడు లేచినా స్పీకర్‌కు వీపు చూపించి, పిడికిలెత్తి, "కార్మిక సోదరులారా!" అని మొదలుపెట్టేవాడు. అధికార పక్షం కూడా అలవాటు కొద్దీ "జిందాబాద్" అనేది. సార్ కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వి, "స్పీకర్‌కు చెప్పాలె కొడుకా, గేటుకు గాదు" అని ఒక్కొక్కడి భుజాలు పట్టి ఇటు తిప్పేవారు.

పోటీ రోజు మాకు ముందు ఆ టౌన్‌షిప్ బడి పిల్లలు ఆడారు. టై కట్టుకుని, చక్కటి ఇంగ్లీషులో, వాళ్ళ బిల్లు తారురోడ్డు మీద కారులా సాగిపోయింది. తర్వాత మేం ఎక్కాం. అంతా రాసుకున్న ప్రకారమే నడిచింది, విద్యా పద్దు వచ్చేవరకు. నస్రీన్ మా ప్రతిపక్ష నాయకురాలు. పల్లెల్లో గ్రంథాలయాలు లేవని నూరు రూపాయల కోత తీర్మానం పెట్టాలి. మేం దాన్ని ఓడించాలి. ఆ తర్వాత నా బిల్లు. నెల రోజులు అద్దం ముందు చదివిన నా బిల్లు!

నస్రీన్ లేచింది. కాగితం మడిచి కింద పెట్టింది. గేటు వైపు తిరగలేదు, స్పీకర్ వైపే చూసింది.

"అధ్యక్షా, మా బడిల ఆడపిల్లలకు ఒక్కటే బాత్రూం ఉన్నది. నీళ్ళు లేవని దానికి తాళం ఏసిండ్రు. మా ఇల్లు దూరం. పొద్దుగాల ఎనిమిది గంటలకు ఇంట్ల ఒక గిలాస నీళ్ళు తాగి వస్తె, సాయంత్రం ఇంటికి పోయేదాక నేను నీళ్ళు తాగ. దూరంకెళ్ళి వచ్చేటోళ్ళం ఎవరం తాగం. మొన్న ప్రార్థనల నా పక్కపిల్ల కండ్లు తిరిగి పడ్డది. ఎండకు పడ్డదన్నరు. ఎండకు గాదు, అధ్యక్షా."

మా క్వార్టర్ బడి గోడ పక్కనే. మధ్యాహ్నం ఇంటికి పోయి వచ్చేదాన్ని. నస్రీన్ పక్క బెంచీలో ఏడాదంతా కూర్చుని కూడా ఆ పిల్ల నీళ్ళెందుకు తాగదో ఒక్కసారి అడగలేదు. ఆ సిగ్గు నాకు ఇప్పటికీ ఉంది.

స్పీకర్ పిల్లవాడు బిక్కుబిక్కుమంటూ తీర్మానాన్ని ఓటుకు పెట్టాడు. "అవును" అనే కేకే పెద్దగా వినిపించింది. వాడు నమ్మలేక లేచి నిలబడమన్నాడు. ప్రతిపక్షం లేచింది. ఆ వెంటనే నా వెనక బెంచీల్లోంచి మా వాళ్ళు లేవడం మొదలుపెట్టారు. మగపిల్లలు, మా సర్కారు వాళ్ళే, ఒక్కొక్కడూ తల వంచుకుని లేచాడు. చివరికి కూర్చుని ఉన్నది మంత్రులం మాత్రమే.

న్యాయనిర్ణేతల్లో ఒకాయన మైకు అందుకుని, "ఏదో పొరపాటు జరిగింది. తీర్మానం వీగిపోయిందని చెప్పి ముందుకు పోనివ్వండి" అన్నారు. నేను ఆశగా బిల్లు తీశాను. అప్పుడు పక్కన నిలబడ్డ సార్ వేదిక మీదికి వచ్చారు. చెవి మీది సుద్దముక్క కింద పడ్డా చూసుకోలేదు.

"ముందుకు ఎట్ల పోతరు సార్? ఓడిపోయిండ్రు గదా! కోత తీర్మానం నెగ్గితె సర్కారు ఉండదని నేనే చెప్పిన. ఇయ్యాల గాదంటె రేపు నా మాట ఎవరు నమ్ముతరు?"

మా ప్రధానమంత్రి లేచి రెండు చేతులు జోడించి, "అధ్యక్షా, మా సర్కారు రాజీనామా చేస్తున్నది" అన్నాడు. మాకు బహుమతి రాలేదు. కానీ ఆ హాల్లో అందరూ లేచి చప్పట్లు కొట్టింది మాకే. అంత గొప్పగా ఓడిపోయిన సర్కారు ఈ దేశంలో ఇంకొకటి ఉండదని నేను ఎక్కడైనా పందెం కాస్తాను.

తిరుగు బస్సులో మాత్రం నేను వెక్కి వెక్కి ఏడ్చాను. బిల్లు చదవలేదని సగం, లేచి నిలబడలేదని సగం. సార్ వచ్చి పక్కన కూర్చున్నారు.

"మంత్రివి. కూసునుడే నీ డ్యూటీ. గని నీ బిల్లు ఆగింది సూడు, గందుకే అది నిజం బిల్లు. ఎన్నడు ఆగనిది ఉత్త కాయితం."

ఇక్కడితో ఊరుకుంటే ఆయన మా సార్ ఎందుకవుతారు? ఆ వారంలోనే బాత్రూంల కోసం దరఖాస్తు రాయించి, నన్నూ నస్రీన్‌నూ వెంటబెట్టుకుని విద్యాశాఖ ఆఫీసుకు పోయారు. అక్కడి అధికారి మంచాయన. "అయితదమ్మా, మంజూరు చేస్తం" అన్నారు. నేను సంబరపడిపోయాను. నస్రీన్ కదల్లేదు.

"ఉత్తగ చదివిండ్రా సార్, ఓటైందా?"

ఆయనకు ఏమీ అర్థం కాలేదు. "అంటే, కాయితం ఏ టేబుల్ మీదికి వచ్చిందని అడుగుతున్నది" అని సార్ మురిసిపోతూ చెప్పారు. అప్పటి నుంచి ప్రతి శనివారం ముగ్గురం పోయి అదే ప్రశ్న అడిగేవాళ్ళం. ఒక టేబుల్ దాటిన ప్రతిసారి బయట బండి మీద మిర్చి బజ్జీలు ఇప్పించేవారు సార్. మేం పదో తరగతికి వచ్చేసరికి నాలుగు బాత్రూం గదులు లేచాయి. తలుపులకు గడియలు, నల్లాలో నీళ్ళు. మొదటి రోజు మా ఆడపిల్లలం పందెం పెట్టుకుని నీళ్ళు తాగాం. నస్రీన్ ఐదు గ్లాసులు తాగి గెలిచింది. సార్ వరండాలో నిలబడి, ఆ రోజు ఒక్కరినీ 'గౌరవ సభ్యులు' అనలేదు.

ఆయన రిటైరయ్యాక కూడా ప్రతి ఏడాది బడ్జెట్ రోజున నాకు ఫోన్ చేసేవారు. "మంత్రిగారూ, ఎట్లున్నది?" "చదివిండ్రు సార్. ఇంక ఓటు కాలే" అనాలి నేను. అంటే గానీ ఆయన అన్నానికి లేచేవారు కాదని సార్ భార్య చెప్పేది. ఈ ఏడాది గొంతు బాగా సన్నబడింది. "పద్దులన్నీ గంట కొట్టి పాసు జేస్తున్నరే బిడ్డా. అడిగేటోళ్ళు తక్కువైతున్నరు" అన్నారు. "మేమున్నం గద సార్, ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాను. ఆ మాటకు సంతోషంగా నవ్వారు. ఆ నవ్వు విన్నాను కనుక నాకు ఏ బాధా లేదు, ఉన్నదంతా గర్వమే.

మొన్న శనివారం బడిలో సంతాప సభ పెట్టారు. నేనూ నస్రీన్ పోయాం. రెండు నిమిషాలు మౌనం పాటిద్దామన్నారు. పిల్లలంతా కళ్ళు మూసుకుని నిలబడ్డారు. ఒక నిమిషం గడిచిందో లేదో, ముందు వరుసలో ఆరో తరగతి పిల్ల చిటికెన వేలు చూపించింది. టీచరమ్మ ఆగమని కళ్ళతోనే చెప్పింది. ఆ పిల్ల ఆగలేదు. వరుస దాటి, మైదానం దాటి పరుగెత్తింది. అంత నిశ్శబ్దంలో తలుపు పడిన చప్పుడు, తర్వాత నల్లా చప్పుడు మా అందరికీ వినిపించాయి. నస్రీన్ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. పిల్ల తీరిగ్గా తిరిగివచ్చి, తడిచేతులు చున్నీకి తుడుచుకుని, సంచిలోంచి సీసా తీసి, తల వెనక్కి వంచి గటగటా సగం సీసా నీళ్ళు తాగి, మళ్ళీ కళ్ళు మూసుకుని నిలబడింది.