గుండు చేయించుకున్న కృష్ణబిలం

మానుకోటలో భౌతికశాస్త్రం చెప్పే నిరంజన్ సారుకు తొందరెక్కువ. జనగామకు బదిలీ అయితే తలనీలాలిస్తానని కురవి వీరన్నకు మొక్కి, ఆర్డరు రాకముందే గుండు చేయించుకొచ్చాడు. ఎనభై మూడులో ఆ బదిలీ కాస్తా ఇంకొకరికైంది.

ఆ మంట మీదే, అన్నం తింటూ, తల్లి అరుంధతికి కృష్ణబిలం గురించి చెప్పాడు.

"వెలుతురును గూడ మింగుతదవ్వా. ఏం మింగినా బయటికి తెలిసేది బరువు, తిరుగుడు, కరెంటు, గంతే. ఇంకే ఆనవాలుండదు. గందుకే దానికి వెంట్రుకల్లేవంటరు సైంటిస్టులు."

"గంత మింగినా ఆకలి తీరదా కొడుకా?"

"తీరదు. తిన్నకొద్ది పెద్దగైతది."

అరుంధతి మజ్జిగ పోసి, కొడుకు నున్నటి తల నిమిరింది.

"ఆకలి తీరాలని మొక్కుకున్నట్టుంది బిడ్డా. నీ లెక్కనే ముందుగాల్నే గుండు గొట్టిచ్చుకుంది."