గోడ కట్టే నక్షత్రాలు

ప్లాస్టర్ కలపడంలో ఏముంది, నీళ్ళలో పొడి పోసి తిప్పడమేగా అనేవాళ్ళని బొమ్మలు చేసే షెడ్డులో ఒక్క పూట నిలబెట్టాలి. కాస్త ఆలస్యమైతే బకెట్లోనే రాయైపోతుంది. కాస్త తొందరపడితే అచ్చులోంచి కారిపోతుంది. అక్కడ ప్లాస్టర్ కలిపే ఆవిడకి మాత్రం అదను వేళ్ళతోనే తెలిసేది. అందుకే వైద్య కళాశాల పిల్లలు ఆవిణ్ణి ప్లాస్టరత్త అనేవాళ్ళు. ఆవిడ భర్త బొమ్మల మాస్టారు. గుండె కానీ, మూత్రపిండం కానీ, పాఠం చెప్పడానికి పెద్ద బొమ్మ కావాలంటే కళాశాల వెనక షెడ్డులో ఈ మొగుడూపెళ్ళాలే చెయ్యాలి. ఆయన మలుస్తాడు, ఆవిడ కలుపుతుంది. పేరు ఆయనది, నడుంనొప్పి ఆవిడది. అయినా ఆవిడకేం చింత లేదు. "మా ఆయన చేసిన చెవి చూస్తే, దాంట్లో ఏదైనా చాడీ చెప్పాలనిపిస్తుంది" అని మురిసిపోయేది.

కళాశాలలో కొత్తగా పెడుతున్న ప్రదర్శనశాలకి మెదడు బొమ్మ కావాలంది అక్కడి ప్రొఫెసరమ్మ. మామూలు మెదడు కాదు. రక్తనాళం మూసుకుపోతే లోపల ఏం జరుగుతుందో చూపించే బొమ్మ, నిలువెత్తుది. మాస్టారు నరాల కణాలు మలిచి బంగారు రంగు వేశాడు. వాటి మధ్య ఆసరా కణాలుంటాయట. ఇక్కడే వచ్చింది తంటా. బొమ్మలు చేసేవాళ్ళకి ఓ పాడు అలవాటుంది, సందు కనిపిస్తే చాలు, మిగిలిపోయిన ప్లాస్టర్లో జనపనార ముంచి కుక్కేస్తారు. ఆయనా అదే చేశాడు. "ఆసరా అంటే సందులు పూడ్చేవేగా!" అని పైన బూడిదరంగు పూసి చేతులు దులుపుకున్నాడు.

ఆ మర్నాడు పొద్దున పని మొదలెడుతుండగానే మాస్టారి చేతిలోంచి ఉలి జారిపడింది.

"ఏవండీ, ఏమైంది?"

ఆయన ఏదో అనబోయాడు. మూతి ఓ పక్కకి వంగిపోయింది, మాట ముద్దైపోయింది. ఆవిడ ఆలోచిస్తూ కూర్చోలేదు. కలిపిన ప్లాస్టర్ అలాగే వదిలేసి, వాచ్‌మన్‌ని కేకేసి, ఎదురుగా ఉన్న ఆసుపత్రికి తీసుకుపోయింది. మెదడులో రక్తనాళం మూసుకుపోయిందట, వెంటనే తెచ్చారు కాబట్టి ప్రాణం దక్కిందన్నారు. కుడిచెయ్యి మాత్రం పడిపోయింది.

వార్డుకి వచ్చిన ప్రొఫెసరమ్మ మెల్లగా చెప్పింది. "మీరు విశ్రాంతి తీసుకోండి మాస్టారూ. ఆ బొమ్మ బయట చేయించుకుంటాం." మంచి మనసుతోనే అంది పాపం. కానీ ఆ మాటకి ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు, అన్నం కూడా ముట్టలేదు. పని లేకపోతే ఈ మనిషి నిలవడని ప్లాస్టరత్తకి తెలుసు. ఆ బొమ్మ చెయ్యి దాటిపోతే మనిషి కూడా దాటిపోయేలా ఉన్నాడు.

"అది ఉండనియ్యండమ్మా. ముందు ఈయన తలలో ఏం జరుగుతోందో నాకు చెప్పండి" అంది.

ప్రొఫెసరమ్మ మంచం పక్కన కూర్చుంది. "రక్తం అందకపోతే నరాల కణాలు తట్టుకోలేవమ్మా, చప్పున పోతాయి. ఆసరా కణాలు కాస్త మొండివి. నక్షత్రాల్లా కొమ్మలుంటాయి వాటికి. ముందు అవీ ఉబ్బుతాయి, ఆ వాపు ప్రమాదమే. నిలబడ్డవి మాత్రం బలిసి, పెరిగి, కొమ్మకి కొమ్మ పెనవేసుకుని పాడైన చోటు చుట్టూ గోడ కట్టేస్తాయి. చెడు ఇవతలికి పాకకుండా చూస్తాయి. బతికున్న నరాల కణాలకి తిండి అందేలా చూసేదీ అవే."

"మరి పోయినవాటిని తిరిగి తెస్తాయా?"

"తేలేవు. ఒక్కోసారి ఆ గోడే నరాల కణాల కొత్త కొమ్మలకి అడ్డమవుతుంది కూడా. కానీ అది లేకపోతే నష్టం ఇంకా ఎక్కువ. మిగిలిన మెదడు సాధనతో పని నేర్చుకోవాలి."

గోడవైపు నుంచి నత్తినత్తిగా ఓ గొంతు వచ్చింది. "త... తప్పు. నార... కుక్కాను!"

ప్లాస్టరత్తకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. మాట పడిపోయిన మనిషి నోరు తెరవగానే తన పనిలో తప్పు వెతికాడు! "బొమ్మ మేమే చేస్తామమ్మా" అంది ప్రొఫెసరమ్మతో, ఆయన్ని అడక్కుండానే.

ఆసుపత్రి నుంచి రాగానే ఆయన్ని షెడ్డులో కుర్చీలో కూర్చోబెట్టింది. "పగలగొట్టు" అన్నాడు, నార కుక్కిన చోట్లు చూపిస్తూ. మొగుడు చేసినదాని మీద ఆవిడ ఏనాడూ సుత్తి ఎత్తి ఎరగదు. అయినా కళ్ళు మూసుకుని ఒక్కటేసింది. తర్వాత తీగలు వంచి, నార చుట్టి, పల్చటి ప్లాస్టర్ పట్టించి, నక్షత్రం తర్వాత నక్షత్రం చేసింది. ఎన్ని పాడయ్యాయో! ఆయన ఊరుకుంటాడా?

"ఏమే, అది నక్షత్రమా... చీపురుకట్టా?"

"అంత బాగా తెలిస్తే మీరే చెయ్యండి!" అనేసి నాలిక కరుచుకుంది. ఆయన కోప్పడలేదు. ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి బల్లమీద పెట్టుకుని, ఓ తీగ ఇమ్మని సైగ చేశాడు. తీగ కింద పడింది. మళ్ళీ ఇచ్చింది, మళ్ళీ పడింది. ఆ రోజు నుంచి రోజూ అదే వరస. ఆవిడ నక్షత్రాలు గోడలా అల్లుకుపోతున్నాయి, ఆయన తీగ నేల మీదే ఉంటోంది. చివరికి గోడలో ఒక్క సందు మిగిలాక, ఓ మధ్యాహ్నం తీగ పడలేదు. చెమటలు కక్కుతూ, పళ్ళు బిగబట్టి వంచాడు. ఆ వంకర తీగకి ఆవిడే నార చుట్టి, ప్లాస్టర్ పట్టించి, ఆ సందులో పెట్టింది.

ప్రదర్శనశాల తెరిచిన రోజు జనమంతా మెదడు బొమ్మ చుట్టూ మూగారు. ప్రిన్సిపాల్ వచ్చి మాస్టారి చెయ్యి పట్టుకుని ఊపేశాడు. "చెయ్యి బాగైపోయిందన్నమాట! పనితనం ఏమాత్రం తగ్గలేదు!"

మాస్టారు తల అడ్డంగా ఊపాడు. ఒక్కో మాటా కూడగట్టుకుని చెప్పాడు. "నేను... అరిచానంతే. చేసింది... మా ఆవిడ."

అందరూ ఆవిడవైపు తిరిగారు. అయ్యో, నాదేముందండీ అనడం ఆవిడకి జన్మలో అలవాటు. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. మింగేసింది.

"అవునండీ, నేనే చేశాను" అంది తలెత్తి. "ఇదిగో, ఈ వంకర నక్షత్రం ఒక్కటీ ఆయనది. అది దగ్గరికొచ్చి చూడండి."