మెర్ల్ వేలి కొన

మెర్ల్ హాన్‌కాక్ ఎవరినీ నమ్మడు. కొన్న తుపాకిమందు డబ్బాను ఇంటికి తెచ్చి మళ్లీ తూచుకుంటాడు. తుపాకి క్లబ్బులో కాఫీ వాసన చూసిగానీ తాగడు. కొట్లో కొన్న తూటా పిస్టల్లో పెట్టి నలభై ఏళ్లయింది. కాల్చేసిన తూటాల ఖాళీ తొడుగులకు అడుగున కొత్త ప్రైమర్, అంటే దెబ్బకి నిప్పు పుట్టించే బిళ్ల, దిగ్గొట్టడం, మందు పోయడం, గుండు కూర్చడం, అన్నీ తన షెడ్డులో తన చేత్తోనే. ఆ బల్ల దగ్గరికి నన్ను కూడా రానివ్వడు. మా ఐడహోలో ఒకడు నింపిన తూటా ఇంకొకడు కాల్చడు, కన్నతండ్రి నింపినా సరే. మెర్ల్‌కి అది వేదవాక్కు.

అలాంటివాడి తూటాలు ఈ వసంతంలో మొండికేశాయి. కొన్ని బ్యారెల్లోకి పూర్తిగా దిగవు. కొన్ని దిగినా టిక్కుమని ఊరుకుంటాయి. పిస్టల్ గురివైపే ఉంచి, ముప్పై లెక్కపెట్టి, దాని వెనకున్న సుత్తి లాగి మళ్లీ కొడితే అప్పుడు పేలతాయి. క్లబ్బు చూసుకునే డోరీన్ మొహమాటపడలేదు.

"మెర్ల్ గారూ, శనివారం పోటీలో కూడా ఇదే వరసైతే ఇక మీరు కొట్టు తూటాలే తెచ్చుకోవాలి."

మెర్ల్ నావైపు తిరిగాడు. కాల్పుల రేంజిలో ఖాళీ తొడుగులు ఏరి బక్కెట్లో వేసి ఇచ్చేది నేనే మరి.

"ఏం కలిపావురా, వెండెల్?"

"నా ప్రేమ కలిపాను. ఇంకేం కలుపుతాను?"

నవ్వలేదు. ఆ వారం నేనిచ్చిన ప్రతి తొడుగు అడుగునా గుర్తుగా ఎర్ర చుక్క పెట్టాడట, భార్య ఆర్లీన్ గోళ్ల రంగుతో. సీసా ఖాళీ అయిందన్న కోపంతో ఆర్లీనే నాకు చెప్పింది. ముప్పై ఏళ్లుగా ఒకే పడవలో చేపలు పట్టినవాళ్లం. నాకు ఒళ్లు మండింది.

గురువారం నేరుగా షెడ్డులోకే వెళ్లాను. పిస్టల్ విప్పి, విడి బ్యారెల్లో తూటాలు ఒక్కొక్కటే వదులుతున్నాడు. మంచిదైతే టక్కుమని దిగుతుంది. దిగనివి తొమ్మిది తేలాయి. బోర్లించి చూస్తే ఎర్ర చుక్కవి, అంటే ఆ వారం నేనిచ్చినవి, రెండే.

"రంగు గీకేశావా?" అన్నాడు.

"నీ షెడ్డు తాళం నా దగ్గరుందా, మహానుభావా?"

అడక్కుండానే ఒకటి చేతిలోకి తీసుకున్నాను. గుండు పట్టడానికి తొడుగు మూతి కాస్త విప్పుతారు, గుండు పెట్టాక మళ్లీ నొక్కి మూసెయ్యాలి. ఇది సరిగా మూసుకోలేదు, అంచు నా గోటికి తగిలింది, బ్యారెల్లో అడ్డుపడేది అదే. అడుగు తడిమితే ప్రైమర్ మట్టానికి పైనే ఉంది. మొదటి దెబ్బంతా దాన్ని లోపలికి నెట్టడానికే పోతుంది, పేలేది రెండో దెబ్బకి.

"ఇవి కొలిచావా?"

"కొలతెందుకు? ప్రతిదీ తడుముతాను. నా వేలు అబద్ధం చెప్పదు."

"అయితే ఇది తడుము."

చూపుడు వేలు ప్రైమర్ మీద అటూ ఇటూ ఆడించాడు. "మట్టంగానే ఉంది."

వెక్కిరిద్దామని నోరు తెరిచి ఆగిపోయాను. ఆ వేలి కొన మీద కాలిన మచ్చ. బొబ్బ లేచి, పగిలి, ఎండిపోయి కూడా ఉంది.

"ఇదెప్పుడు కాలింది, మెర్ల్?"

వేలు తిప్పి చూసుకున్నాడు. "ఏమో," అన్నాడు.

పదేళ్లుగా అతనికి చక్కెర జబ్బు. స్పర్శ పోతుందని హెచ్చరించిన డాక్టరు మందులమ్ముకోవడానికే అలా అంటున్నాడని, అటు వెళ్లడమే మానేశాడు. నా కోపం ఎటు పోయిందో తెలీదు. ఏడుపొచ్చింది.

లోకంలో అందర్నీ చూసినట్టే ఆ వేలిని కూడా చాలాసేపు అనుమానంగా చూశాడు. తర్వాత ప్రైమర్లు కూర్చిన తొడుగుల పళ్లెం, ఇంకా మందు పోయనిది, బల్ల మీద నావైపు తోశాడు. కాలితో స్టూలు కూడా జరిపాడు.

"నువ్వు తడిమి చూడు. ప్రైమర్ ఎత్తున్నవి పక్కన పెట్టు. మూతుల సంగతి తర్వాత చూద్దాం."

శనివారం పోటీలో యాభైకి యాభై పేలాయి. డోరీన్ చప్పట్లు కొట్టింది. మెర్ల్ పెట్టె సర్దుకుంటూ, నావైపు చూడకుండానే అన్నాడు.

"వచ్చే గురువారం కూడా రా. చేతులు కడుక్కుని రా."