ప్రతి ఆరో ఆదివారం

అంబులెన్సు కాల్ సెంటర్లో నెట్‌వర్క్ చూసే ఆవిడకు వెనకాల అందరూ పెట్టిన పేరు పాత వెర్షన్ మేడం. ఆ పేరు ఆవిడ చెవిన పడకపోలేదు. పడినా పట్టించుకునే ఓపిక లేదు. కొత్తొక వింత, పాతొక రోత అనుకునే జనం మధ్య ఆ రోతను ఎవరో ఒకరు మోయాలిగా అనుకుని ఊరుకునేది.

ఆ సెంటర్ ప్రాణమంతా రెండు లైన్ల మీద ఉంది. అవి వేరువేరు వీధుల నుంచి వచ్చి మెట్ల కింద గదిలో ఉన్న రూటర్‌లో కలుస్తాయి. రూటర్ ఆ రెండింటినీ కట్టగట్టి ఒక్కటిగా నడుపుతుంది. ఒకటి తెగితే రెండోది మోయాలి. పై అంతస్తులో ఫోనెత్తిన అమ్మాయికి ఆ సంగతి తెలియనే కూడదు. రోడ్లు తవ్వేవాళ్ళ పుణ్యమా అని ఏడాదికి రెండు మూడుసార్లు ఏదో ఒకటి తెగుతూనే ఉంటుంది.

రూటర్‌ను లోపలి నుంచి నడిపే ప్రోగ్రాము ఫర్మ్‌వేర్. ఇక్కడున్న పాత ఫర్మ్‌వేర్‌కు ఒకటే జబ్బు. ఆన్ చేసిన క్షణం నుంచి అది లోపల ఏదో లెక్కపెట్టుకుంటూ ఉంటుంది, యాభయ్యో రోజుకు ఆ లెక్క నిండిపోయి కట్ట విడిపోతుంది. లైన్లు రెండూ బతికే ఉంటాయి, రూటరే వాటిని గుర్తుపట్టదు. అందుకని ప్రతి ఆరో ఆదివారం పొద్దున్న ఆవిడ వచ్చి, పక్క ఊరి సెంటర్‌కు ఫోన్ చేసి, కాల్స్ అటు మళ్ళించి, రూటర్‌ను ఆపి మళ్ళీ ఆన్ చేస్తుంది. నాలుగు నిమిషాల పని. ఆ నాలుగు నిమిషాల కోసం ఆరేళ్ళుగా ఎక్కడికెళ్ళినా ఆ ఆదివారానికి వచ్చేసేది. చెల్లెలు ఆసుపత్రిలో ఉన్నప్పుడూ అంతే, చూసి వచ్చేసింది.

ఆ పని ఇంకొకరికి అప్పజెప్పడం కుదరని పనేం కాదు. రెండో షిఫ్టు చూసే పెద్దమనిషి ఉన్నాడు. కాకపోతే ఆయన చెయ్యి నిదానం, దేనికైనా "సర్దుకుందాం లెండి" అంటాడు. ఆ మాట వింటే ఈవిడకు అరికాలి మంట నెత్తికెక్కేది. సర్దుకుపోయేవాడి చేతిలో రూటర్ పెట్టనంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

ఈ ఏడాది కూతురు కడుపుతో ఉంది. రైల్లో ఒక పగలూ ఒక రాత్రీ పట్టేంత దూరం. కాన్పుకు వచ్చి రెండు నెలలు ఉండమ్మా అని అయిదో నెలలోనే అడిగింది. కొత్త ఫర్మ్‌వేర్ వచ్చింది తల్లీ, టెస్టు అవనీ, అది పెట్టేస్తే ఇక నాకే బంధాలూ ఉండవు అని చెప్పింది ఈవిడ. కూతురు సరేనంది.

కొత్తది రాగానే అందరూ అందులో ఏమేం వచ్చాయో చదువుతారు. ఆవిడ చివరి పేజీ చదువుతుంది, తయారు చేసినవాళ్ళు తమ తప్పులు ఒప్పుకునేది అక్కడే. తర్వాత వేరే సెంటర్లకు ఫోన్ చేసి, ఎలా ఉందని కాకుండా, ఆపకుండా ఎన్ని రోజులు నడిచిందని అడిగింది. ఎవరూ మూడు వారాలు దాటి చెప్పలేదు. దాంతో స్టోర్ రూమ్‌లో కాలు విరిగిన బల్ల మీద రెండు పాత రూటర్లు పెట్టి, కొత్తది ఎక్కించి, తనే రోజులు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. అప్పటికి కూతురికి ఆరో నెల వచ్చింది.

యాభయ్యో రోజు దాటింది. కట్ట విడిపోలేదు. అరవయ్యో రోజున ఆవిడ రైలు టికెట్ల కోసం చూసింది. మర్నాడు, ఊరికే ఒకసారి చూద్దామని టెస్టు రూటర్ నుంచి ఒక లైను పీకింది. రెండోది చటుక్కున అందుకుంది. మళ్ళీ పీకింది, మళ్ళీ అందుకుంది. నాలుగోసారి నలభై సెకన్లు ఏమీ కదల్లేదు. ఇరవైసార్లు పీకితే మూడుసార్లు అలాగే అయింది, ఎందుకో అంతు చిక్కలేదు.

ఇరవైకి మూడేగా, లైన్లు తెగేది కూడా ఎప్పుడో కదా, పెట్టేసి హాయిగా కూతురి దగ్గరికి వెళ్ళమన్నాడు మేనేజర్. అబద్ధమెందుకు, ఆవిడకు కొత్తది పెట్టొచ్చని సంతకం పెట్టేయాలనిపించింది. మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయి, ఆరేళ్ళ అలసట ఒక్కసారే మీద పడింది. కానీ ఇంట్లో మనిషి కుప్పకూలితే ఫోన్ చేసినవాడికి నలభై సెకన్లు ఎవరూ పలకకపోతే ఏమవుతుందో తలుచుకుంది. కాగితం మీద 'పాతదే ఉంచాలి' అని రాసి ఇచ్చేసింది.

పాతదే ఉంటే ఆరో ఆదివారాలూ ఉంటాయి, ఇంకొకరికి అప్పజెప్పకపోతే కూతురి దగ్గరికి వెళ్ళలేనని స్టోర్ రూమ్‌లో కూర్చుని లెక్కేసుకుంది. తర్వాత రెండో షిఫ్టు ఆయన్ని పిలిచి, చేయాల్సిన పనంతా వరసగా రాసిచ్చి, టెస్టు రూటర్ మీద చేసి చూపించమంది. ఆయన ఒక్కో వరస చదివి, చేసి, పక్కన టిక్కు పెట్టుకుంటూ మూడో వరస దగ్గర ఆగాడు.

"పక్క సెంటర్ వాళ్ళు ఫోనెత్తకపోతే ఏం చేయాలో రాయలేదు మేడం."

నిజమే, రాయలేదు. వాళ్ళు ఎప్పుడూ ఎత్తేవాళ్ళు కాబట్టి ఆవిడకు ఆ ఆలోచనే రాలేదు. ఏం చేస్తారని అడిగింది.

"ఎత్తేదాకా రూటర్ జోలికెళ్ళను. ఎలాగూ యాభయ్యో రోజుకు ఇంకో వారం ఉంటుందిగా. సర్దుకుందాం లెండి."

ఈ మనిషిని ఆరేళ్ళ క్రితమే పిలిచి ఉండాల్సింది. ఆవిడకు ఆయన మీద కోపం రాలేదు, తన మీద తనకే వచ్చింది.

సెలవు రాసిచ్చి, మెట్ల మీదే నిలబడి కూతురికి ఫోన్ చేసింది. వస్తున్నాను, రెండు నెలలూ ఉంటాను అని గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

"అమ్మా, నువ్వు టెస్టు అన్న రోజే మా అత్తగారిని అడిగేశాను. ఆవిడ వచ్చి పది రోజులైంది."

"నాకు చెప్పలేదేం?"

"బాధపడతావని. నీ మీద కోపమేం లేదమ్మా. నువ్వు రాలేవనే అనుకుని అన్నీ చూసుకున్నాం. వస్తే సంతోషమే, రాకపోయినా ఇబ్బంది లేదు."

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని వెతికింది ఆవిడ. లేదు. ఉంటే బావుండుననిపించింది. అయినా వస్తానంది. గదులు రెండేగా, హాల్లో పడుకోవాల్సి వస్తుందమ్మా అంది కూతురు. హాల్లోనే పడుకుంటానంది.