టైరులో కుక్కిన చీరలు

మా బావ పోయాడు. సూరత్ దగ్గర ఇచ్ఛాపూర్ రోడ్డు పక్కన ఎవడిదో ఆగిపోయిన బైకు బాగుచేస్తూ గొంతుక్కూర్చున్నాడట. వెనక నుంచి లారీ కొట్టేసింది. బైకు మీద గీత కూడా పడలేదు. దాని యజమాని కిక్కు కొడితే మొదటిసారికే స్టార్టయిందట, ఎక్కి వెళ్ళిపోయాడు. ఈ సంగతి చెప్పిన చాయ్ బండివాడు "క్యా హాథ్ థా!" అని ఆయన చేతి పనిని మెచ్చుకున్నాడు కూడా. వాణ్ణి కొట్టాలనిపించింది.

బావ అంటే మా అక్క భర్త. సూరత్ మరమగ్గాల పనిలో నన్ను పెట్టింది ఆయనే. తెగిన పోగుకు ముడి వేయడం నెత్తిన మొట్టి మరీ నేర్పాడు. ఇవాళ్టికీ నాకు అన్నం పెడుతున్నది ఆ ముడే. ఏటా ఇద్దరం ఆయన పాత బైకు మీద ఊరికి పోయేవాళ్ళం. రైలుంది కదా అంటే, "రైలు ఖరాబైతె నువ్వు బాగుజేస్తవా?" అనేవాడు. పెట్రోలు ట్యాంకు కారితే చిల్లుకు సబ్బు రుద్దేవాడు. తెల్లారి అదే సబ్బుతో స్నానం. ఏం చేసినా ఒకటే మాట: "ఊరు చేరెదాక నడిస్తె సాలు. ఆడికి పోయినంక ఏమన్న కానీ."

ఒకసారి నాందేడ్ దాటాక వెనక టైరు చీలింది. చుట్టుపక్కల ఒక్క దుకాణం లేదు. బావ మూట విప్పి, అక్క కోసం కొన్న కొత్త చీరలన్నీ టైరులో కుక్కాడు. నేను చెయ్యి పట్టుకుంటే, "మీ అక్కకు చీరలు గావాల్నా, నేను గావాల్నా?" అన్నాడు. కుంటుకుంటూ ఊరు చేరాం. మసి పేలికలైన చీరలు చూసి అక్క మా మొహానే తలుపేసింది. తర్వాత సూరత్‌కే వచ్చి అమ్రోలిలో కాపురం పెట్టాక కూడా ఏళ్ళ తరబడి తిడుతూనే ఉంది. ఆయన నవ్వేవాడు. ఆ నవ్వుకే నాకు ఒళ్ళు మండేది.

మొన్న అక్కా నేనూ ఆయన్ని వ్యానులో ఊరికి తీసుకెళ్ళాం. ఆయన కూతురు కడచూపు కోసం అక్కడ కూర్చుని ఉంది. నాందేడ్ దాటాక వ్యాను ఫ్యాన్ బెల్టు తెగింది. ఫోను చేస్తే సాయంత్రం దాకా రాలేమన్నారు మెకానిక్కులు. మండుటెండ. బావ కింది మంచు కరిగి తలుపు సందులోంచి రోడ్డు మీదికి కారుతోంది. దహనం ఇక్కడే కానిచ్చేయమన్నాడు డ్రైవరు. ఎవడెవడివో ఆగిపోయిన బండ్లు నడిపించిన మనిషి వెనక కాళ్ళు చాపుకుని పడుకున్నాడు. ఆయన మీద పట్టరాని కోపం వచ్చింది.

అక్క నా సంచి లాక్కుంది. పదోరోజు ఆమెకు పుట్టింటి తరఫున కప్పాల్సిన తెల్లచీర అందులో ఉంది.

"అది వద్దక్కా."

"ఎందుకొద్దు? గప్పుడు నా చీరలన్నీ కుక్కిండు. గిదొక్కటి దాసుకోని ఏం జేస్త? చింపు తమ్మీ."

చింపాను. తాడులా పేని, డ్రైవరు చూపినచోట బిగించి, బావ నేర్పిన ముడే వేశాను.

"కహా తక్ చలేగా?" అన్నాడు డ్రైవరు.

"ఊరు దాక," అంది అక్క.

ఆగుతూ, నీళ్ళు పోస్తూ, ముడి మళ్ళీ మళ్ళీ బిగిస్తూ చేరాం. కూతురు తండ్రి ముఖం చూసుకుంది.

పదోరోజు నేను ఇంకో తెల్లచీర తెచ్చాను. అక్క దాన్ని పక్కకు నెట్టి, వ్యాను నుంచి విప్పి మూలన పెట్టిన ఆ నల్లటి తాడు తెచ్చి నా చేతిలో పెట్టింది. "గిదే కప్పు," అంది. పెద్దలు వద్దన్నారు, వినలేదు. భుజాల మీద వేశాను. ఆమె మెడ మీద మసి గీత పడింది. తాడుకు ముడి అలాగే ఉంది.